నేను కట్టించిన చేతులు

ముప్పై రెండేళ్ల టీచరుద్యోగంలో నేను బెత్తం పట్టుకున్నది లేదు. రిటైరయిన రోజు సన్మానసభలో ఈ మాటే ఎవరో మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. మేడమ్‌కు ఎంత అణకువో అనుకున్నారు. అణకువా పాడా! ఆ నిమిషంలో నాకు ఒక రెండో తరగతి పాప గుర్తుకొచ్చింది. నా ముందు నోరు తెరిచి నిలబడ్డ పాప. బెత్తం లేకుండానే నేను ఆ బిడ్డను ఏం చేశానో గుర్తుకొచ్చి తల ఎత్తలేకపోయాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా తిరుపతి ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. "మేడమ్, మీ క్లాసు ఎక్కాలకు పెద్ద పేరంట గదా, చిన్నపిల్లలకు లెక్కలు ఎట్ల చెప్పల్లో మాకు చెప్పండి" అని అడుగుతారు. కాఫీ ఇచ్చి, అదీ ఇదీ మాట్లాడి పంపించేస్తుంటాను. ఆ పేరు ఎట్లా వచ్చిందో వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది సలహా కాదు నాయనా. చేసిన తప్పు. చదివి మీరు ఏం తీసుకుంటారో మీ ఇష్టం.

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను నగరి వైపు ఒక చిన్న ఊళ్లో, నేతపనివాళ్ల వీధిలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. ఆ వీధిలో చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చి చాలా కాలమైంది. తెల్లారింది మొదలు టకటకా టకటకా ఒకటే మోత. ఆ మోతలో పాఠం చెప్పీ చెప్పీ మా టీచర్లందరికీ గొంతులు పెద్దవైపోయాయి. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా అరిచినట్టే ఉండేది. "ఎదురుగానే ఉన్నానే, వీధి చివర లేను" అని మా ఆయన విసుక్కునేవారు.

బడికి మూడు గదులు, ముగ్గురం టీచర్లం. పై తరగతులకు హెడ్మాస్టరు, ఆయన్ని అందరం పెద్దసార్ అనేవాళ్లం. రెండో తరగతికి నేను. ఒకటో తరగతికి ఆ ఏడాదే గూడూరు వైపు నుంచి వచ్చిన కొత్త టీచర్, ఇంకా పెళ్లి కూడా కాని పిల్ల.

లెక్కల్లో నాకొక పంతం ఉండేది. పిల్లలు వేళ్లు లెక్కబెడితే నాకు ఒళ్లు మండేది. అది మా నాయన నుంచి వచ్చిన జబ్బు. చిన్నప్పుడు నేను వేళ్లు మడిస్తే చాలు, "చేతగానోళ్ల లెక్క అది, బుర్ర లేనోళ్ల లెక్క" అని ఈసడించేవాడు. ఆ మాటలు పడీ పడీ నేను నోటిలెక్కల్లో దిట్టనయ్యాను. నాకు వచ్చింది కాబట్టి లోకంలో అందరికీ అట్లాగే వస్తుందనుకున్నాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారే, లెక్కల టీచరు అట్లా అనుకుంటే పిల్లల గతేమిటో మీరే ఆలోచించుకోండి.

వేళ్లు మాన్పించడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. చేతులు కట్టుకుని కూర్చోవడం అన్ని బళ్లలో ఉన్నదే. అల్లరి చేయకుండా ఉండడానికి అట్లా కూర్చోబెడతారు. నేను దాన్ని లెక్కలకు వాడుకున్నాను. లెక్కల పీరియడ్ మొదలవగానే "చేతులు కట్టుకోండి!" అని ఒక కేక. ముప్పై రెండు మంది పిల్లలూ చేతులు కట్టుకుని, వేళ్లు కనబడకుండా చంకల్లో దోపుకోవాలి. అప్పుడు అడిగేదాన్ని. ఎనిమిదీ ఆరూ? తొమ్మిదీ ఏడూ? టకటకా చెప్పాలి. నేను ఒక్కదాన్ని అందరినీ కనిపెట్టలేను కాబట్టి క్లాసు లీడరు పాపను ముందు నిలబెట్టేదాన్ని. గడుసుపిల్ల. చంకలో ఏ వేలు కదిలినా పట్టేసేది. "టీచర్, వేళ్లూ!" అని ఎలుగెత్తి అరిచేది. దొరికినవాళ్లు పీరియడ్ అయ్యేదాకా నిలబడాలి.

పిల్లలు పిల్లలే. చేతులు కట్టేస్తే కాళ్లు వాడారు. బల్ల కింద కాలివేళ్లు కదిలించేవాళ్లు. అది తెలిసి కాళ్లు మడుచుకుని కూర్చోమన్నాను. కొందరు కిటికీ ఊచలు చూస్తూ లెక్కబెట్టేవాళ్లు. అందరినీ కిటికీకి వీపు పెట్టించి కూర్చోబెట్టాను. ఒకడు ఎదురుగా గోడకున్న క్యాలెండరు గళ్లు చూసి చెబుతున్నాడని దాన్నీ తీయించేశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. లెక్కబెట్టడానికి ఒక్క వస్తువు కూడా లేకుండా గదిని ఊడ్చేసి, ఇక లెక్కలు నేర్చుకోండని కూర్చున్నాను.

ఎక్కాలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి. ఒకసారి మండలం నుంచి అధికారి వస్తే నా పిల్లలు పదో ఎక్కం దాకా ఒకే గొంతుతో, మగ్గాల మోతను మించి చెప్పారు. ఆయన "భేష్ మేడమ్, మిగతా బళ్లు మీ క్లాసును చూసి నేర్చుకోవాల" అన్నాడు. నేను నేల మీద నిలిస్తే ఒట్టు.

కొత్త టీచర్ తీరు వేరు. ఒక సంచి నిండా చింతపిక్కలు, ఇంకో సంచిలో చీపురుపుల్లలు తెచ్చుకునేది. ఒకటో తరగతి పిల్లలు నేలమీద చుట్టూ కూర్చుని పిక్కలు కుప్పలు పెట్టేవాళ్లు, కలిపేవాళ్లు, తీసేవాళ్లు. "ఏమమ్మా, వామనగుంటలు ఆడిస్తున్నావా?" అని ఎగతాళి చేసేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, "అక్కా, మీ పిల్లల్ని నేనొకసారి అడగనా?" అంది. అడుక్కో అన్నాను, బడాయిగా.

మూడో ఎక్కం గడగడా చెప్పే ఒక పిల్లవాణ్ని పిలిచింది. చెప్పించింది. "మూడు నాలుగులు పన్నెండు" అన్నాడు. "మూడు నాలుగులు అంటే ఎట్లుంటాదో ఈ పిక్కలతో పెట్టి సూపించు నాయనా" అంది. వాడు పిక్కల వైపు చూశాడు, నా వైపు చూశాడు. మళ్లీ మొదటి నుంచి ఎక్కం అందుకున్నాడు. ఇంకొక పాపను "ఏడు కంటే తొమ్మిది ఎంత ఎక్కువ?" అంది. ఆ పాప "తొమ్మిది ఒకట్లు తొమ్మిది" అని మొదలుపెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా తగ్గలేదు. "నీ ఆట ఒకటో తరగతి వరకే పెట్టుకో. రెండో తరగతికి వచ్చాక బుర్రతో చేయాల" అన్నాను.

"లెక్క మొదట చేతికి రావాలక్కా" అంది ఆమె, మెల్లగా. "తర్వాత కంటికి వస్తాది. ఆ తర్వాత బుర్రకు పోతాది. చేతినే ఆపేస్తే తక్కినవి యాడి నుంచి వస్తాయి? వాళ్లకు అక్కర తీరినాక వేళ్లు వాళ్లే వదిలేస్తారు. నడక వచ్చినాక గోడ పట్టుకోని పొయ్యే బిడ్డ ఎవురన్నా ఉండారా?"

ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను.

ఇక ఆ పాప సంగతి. సన్నగా ఉండేది. తలకు నూనె పెట్టి రెండు జడలు బిగించి వేసుకుని వచ్చేది. తల్లి ఒక యజమాని షెడ్డులో మరమగ్గాలు చూసేది. తండ్రి తమిళనాడులో మిల్లు పనికి పోయి నెలకొకసారి వచ్చేవాడు. ఇంట్లో ఒక అవ్వ ఉండేది. పాప నోట్లో నాలుక లేనట్టు ఉండేది, అడిగితే తప్ప మాట్లాడదు. కానీ జూన్ నుంచి దసరా దాకా లెక్కల్లో ఆమెను పట్టుకున్నవాళ్లు లేరు. చేతులు చంకల్లో కదలకుండా ఉండేవి. కాళ్లు మఠం వేసుకుని ఉండేది. చూపు నామీదే. కాస్త ఆలస్యంగా, కానీ తప్పు లేకుండా చెప్పేది. నేను ఆమెను లేపి నిలబెట్టి మరీ చూపించేదాన్ని. "చూడండిరా, బుర్రతో చేయడమంటే ఇదీ!" అనేదాన్ని. పాప సిగ్గుతో నేల చూసేది.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక పాప తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిదీ ఆరూ అంటే పదమూడు. తొమ్మిదీ ఏడూ అంటే పదిహేను. మొదట పరాకనుకున్నాను. రోజూ అదే. కూడికలో రెండో అంకె చిన్నదైతే సరిగ్గానే చెప్పేది. పెద్దదైతే ప్రతిసారీ ఒకటి తక్కువ. ఎక్కువా కాదు, రెండు తక్కువా కాదు, కచ్చితంగా ఒకటి.

అప్పటికే పదేళ్లు దాటిన సర్వీసున్న టీచర్ని, ప్రతిసారీ ఒకటే ఎందుకు తగ్గుతోందని ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. తప్పు ఎప్పుడూ ఒకే తీరులో వస్తోందంటే దాని వెనక ఏదో పద్ధతి ఉన్నట్టే. అది పిల్ల మొద్దుతనం కాదు. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను అన్న మాట వేరే. "ఆ ఒక్కటీ మింగేస్తున్నావేమే?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఇంటర్వెల్‌లో లీడరు పాప పేరు పెట్టేసింది, "ఒకటి మింగే పాప" అని. మరునాటికి బడంతా అదే పేరు. నేను విన్నాను. మాన్పించలేదు. మాన్పించకపోగా ఒకసారి నేనూ నవ్వాను. పాప నా నవ్వు చూసింది.

తర్వాత పది రోజులకు ఇంకో వింత. ఐదూ నాలుగూ అంటే పది అంది. రెండూ మూడూ అంటే ఆరు అంది. ఒకటి తక్కువవుతోందని టీచర్ తిడుతోంది కదా, అందుకని పాపం అన్నిటికీ ఒకటి కలిపి చెప్పడం మొదలుపెట్టింది. నాకు అది తలబిరుసుగా కనిపించింది. నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నాను. పెద్దసార్ దగ్గరికి పోయి, "దీనికి పునాదే లేదు సార్, ఒకటో తరగతిలో కూర్చోబెడతాను" అన్నాను. ఆయనకు ఏ గొడవా లేకుండా రోజు గడిస్తే చాలు. "మీ ఇష్టం మేడమ్" అన్నాడు.

పాప పలకా పుస్తకాలూ గుండెకు హత్తుకుని వరండాలో నడిచి ఒకటో తరగతి గదిలోకి పోయింది. వెనక నుంచి నా పిల్లలు "ఒకటి మింగే పాపా" అని కేకలు పెట్టారు. వరండా దాటడానికి ఇరవై అడుగులు కూడా ఉండవు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు రోజులకు కొత్త టీచర్ నా గది గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, ఆ పాప నా దగ్గర పిక్కలతో అన్నీ కరెక్టుగా చేస్తా ఉండాది. పదహైదు, పద్దెనిమిది దాకా గూడా. ఇంకేదో ఉండాది అక్కా" అంది. ఒకటో తరగతి లెక్కలు ఎవరికైనా వస్తాయిలే అని నేను నోట్‌బుక్కులు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఐదోరోజు పాప రాలేదు. ఆరోరోజు తల్లి వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు మీద, కనుబొమల మీద నూలు పీచు పట్టి ఉంది. గుమ్మం బయటే నిలబడి, "టీచరమ్మా, పాప బడికి పోను అంటా ఉండాది. ఒకటో క్లాసులో కూసోబెట్టినారంట. ఏం తప్పు చేసింది?" అని అడిగింది.

నేను అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. దాచుకుంటే ఇదంతా రాయడం దండగ. "మీ పాప బుర్రకు లెక్కలు ఎక్కవమ్మా. ఎంత చెప్పినా అంతే. ఊరికే కష్టపెట్టడం ఎందుకు, ఏదైనా పని నేర్పించు" అన్నాను.

ఆమె వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. "నా మాదిరే అయిపోయిందేమో టీచరమ్మా" అంది. "నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదు. మా అయివోరు గూడా ఇట్లే చెప్పినాడు. సదువుకున్నోళ్లు మీరు చెప్పినాక ఇంగ నేనేం చెప్పేది" అని దండం పెట్టి వెళ్లిపోయింది.

రెండు వారాలు గడిచాయి. బడి మానేసిన పిల్లల లెక్క తీసుకోవడానికి పైనుంచి మనుషులొస్తారని కబురు తెలిసింది. పెద్దసార్‌కు చెమటలు పట్టాయి. "మేడమ్, ఆ పాపను ఎట్లన్నా చేసి రప్పించండి, రిజిస్టర్లో తేడా వస్తాది" అన్నాడు. అందుకే నేను ఆ ఇంటికి వెళ్లాను. బిడ్డ మీద జాలితో వెళ్లానని చెప్పుకోవడానికి ఏ ఆధారమూ లేదు. రిజిస్టరు కోసం వెళ్లాను.

శనివారం మధ్యాహ్నం. చిన్న ఇల్లు, పక్కనే షెడ్డు. తలుపు తెరిచే ఉంది. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. పాప చుట్టిన కండెలు గంపలో సర్దుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. నన్ను ఇద్దరూ చూడలేదు.

"మే పాపా, పొద్దున ఎనిమిది ఏసినాము. ఇప్పుడు ఆరు అయినాయి. మొత్తం ఎన్ని మే?" అంది అవ్వ.

పాప ఒక చేతి వేళ్లన్నీ మడిచింది, రెండో చేతిలో ఒక వేలు మడిచింది. "పద్నాలుగు అవ్వా" అంది. ఎంత సేపు పట్టిందనుకున్నారు? కండె తీసి గంపలో వేసేంతసేపు.

నేను లోపలికి అడుగుపెట్టాను. పాప నన్ను చూసింది. చూసిన మరుక్షణం రెండు చేతులూ కట్టుకుని, వేళ్లు చంకల్లో దోపుకుంది. తన ఇంట్లో, తన అవ్వ పక్కన, తన పని తను చేసుకుంటున్న ఏడేళ్ల బిడ్డ. నేను ఇంకా నోరు కూడా తెరవలేదు.

చాప మీద కూర్చున్నాను. అవ్వ మంచినీళ్లు తేవడానికి లేచింది. గొంతు వీలైనంత తగ్గించి, "ఇప్పుడు అవ్వకు చెప్పావే, అదే నాకు చెప్పు తల్లీ. ఎనిమిదీ ఆరూ?" అన్నాను.

పాప చేతులు కదలలేదు. కానీ బుగ్గ కదిలింది. ఎడమ బుగ్గలో ఏదో మెల్లగా జరుగుతూ మూతి మధ్యకు వచ్చింది, ఇంకొంచెం కుడికి జరిగి ఆగింది. "పదమూడు" అంది.

"నోట్లో ఏముంది?" అన్నాను.

పాప బెదిరిపోయింది. "ఏమీ తినలే టీచర్, ఒట్టు" అని, నమ్మించడానికి నోరు బార్లా తెరిచింది. ఏమీ లేదు. పైవరసలో ఎడమవైపు ముందు పాలపన్ను ఊడిపోయి సందు ఉంది. ఆ సందు వైపు చూస్తూ ఉండగా నాకు మెల్లమెల్లగా తెలిసి వచ్చింది.

"నాలుకతో లెక్కబెడతా ఉండావా?" అని అడిగాను. నాకు తెలియకుండానే వాళ్ల మాట నా నోటికి వచ్చింది.

పాప తల ఊపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వేళ్లు ముట్టలేదు టీచర్. నిజ్జంగా ముట్టలేదు. ఈ పక్క ఐదు పండ్లు, ఈ పక్క ఐదు ఉండేటివి. దసరాకు ఒకటి ఊడిపాయ."

అర్థమైంది కదా మీకు. పిల్లల పైవరసలో పాలపళ్లు పది, రెండు చేతుల వేళ్లు ఎన్నో అన్ని. ఆరు కలపాలంటే ఎడమవైపు పళ్లన్నీ నాలుకతో తాకి, కుడివైపు ఒకటి తాకేది. ఐదూ ఒకటీ ఆరు. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా తన నోట్లో తనే కట్టుకున్న లెక్క. పన్ను ఊడాక ఎడమవైపు నాలుగే మిగిలాయి. ఎడమవైపు అన్నీ, కుడివైపు ఒకటీ అంటే ఇప్పుడు ఐదే. అందుకే ప్రతిసారీ ఒకటి తగ్గింది. లెక్క తప్పలేదు, పన్ను ఊడింది. అంతే. నేను కిటికీకి వీపు పెట్టించి, క్యాలెండరు పీకించి, కాళ్లు మడిపించి, చేతులు కట్టిస్తే, ఆ బిడ్డ లెక్కబెట్టుకోవడానికి తన నోట్లో చోటు వెతుక్కుంది. దాన్ని పట్టుకుని నేను బుర్ర లేదన్నాను.

పాప ముక్కు ఎగబీల్చి, నన్ను ఓదార్చుతున్నట్టు చెప్పింది: "కొత్త పన్ను వచ్చినాక కరెక్టుగా చెప్తాను టీచర్."

నాకు ఏడుపు రాలేదు. వస్తే కొంచెం తేలికయ్యేది. మనిషికి తన మీద తనకు అసహ్యం పుడితే ఎట్లా ఉంటుందో ఆరోజు తెలిసింది.

అంతలో పాప టీచర్ వచ్చిందని ఎవరో చెబితే తల్లి షెడ్డు నుంచి పరుగున వచ్చింది. "ఏమైంది టీచరమ్మా? మల్లా ఏమన్నా తప్పు చేసిందా?" అంది.

ఇదీ నేను చెప్పదలచుకున్న చోటు. ఇంతవరకు జరిగింది తెలియక చేసిన తప్పు, దాన్ని ఎవరైనా క్షమించవచ్చు. ఇక్కడ నాకు అంతా తెలుసు. "తప్పు నీ బిడ్డది కాదమ్మా, నాది. నీ బిడ్డ నాకంటే తెలివైంది" అనాలి. పది మాటలు కూడా లేవు. ఆ పది మాటలు నా గొంతు దాటలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, "ఏం లేదమ్మా, సోమవారం నుంచి పంపించు. మళ్లీ రెండో తరగతిలోనే కూర్చోబెడతాను. ఇప్పుడు పర్వాలేదు" అన్నాను.

పర్వాలేదంట! పిల్లకేదో జబ్బు చేసి నయమైనట్టు.

ఆమె ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మీ దయ టీచరమ్మా. మీరే ఎట్లో ఒక దోవకు తీసుకురావల్ల" అంది. ఆ దండం నేను తీసుకున్నాను. నాది కానిదాన్ని మూట కట్టుకున్నట్టు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే కొత్త టీచర్‌కు మాత్రం చెప్పాను. ఎగతాళి చేస్తుందని ఎదురుచూశాను, చేస్తే నాకు కొంత శిక్ష పడినట్టుండేది. ఆమె ఎగతాళి చేయలేదు. "ఆ బిడ్డ బుర్ర ఎంత గొప్పదో సూడండక్కా. చేతులు కట్టేస్తే నోట్లో పది ఎతుక్కునింది" అంది. తర్వాత సంచి విప్పి దోసెడు చింతపిక్కలు నా కొంగులో పోసింది.

ఆరోజు నుంచి చేతులు కట్టించడం మానేశాను. క్యాలెండరు మళ్లీ తగిలించాను. కానీ ఎందుకు మానేశానో పిల్లలకు చెప్పలేదు. లీడరు పాపను పిలిచి, ఇక కనిపెట్టనక్కర్లేదు, పోయి కూర్చోమన్నాను తప్ప, మనం చేసింది తప్పు అని చెప్పలేదు. పిల్లలు నన్ను నమ్మలేదు కూడా. వేళ్లతో చేసుకోండి అంటే ఇదేదో కొత్త పరీక్ష అనుకుని చేతులు ఇంకా గట్టిగా బిగించారు. నెల పట్టింది వదలడానికి. వదిలాక, ఆ పిక్కలతో, వేళ్లతో, పుల్లలతో కుస్తీపట్టాక, మార్చి వచ్చేసరికి సగం మంది వేళ్లు వాడటం వాళ్లే మానేశారు. కొత్త టీచర్ చెప్పినట్టే. నాకు తెలియకుండా చేతుల్లోంచి లెక్క పైకి ఎక్కిపోయింది. ఎనిమిదీ ఆరూ అంటే, ఎనిమిదికి రెండు ఇస్తే పది, ఇంకా నాలుగుంది అని చెప్పేవాళ్లు. ఎవరు నేర్పారని అడిగితే వాళ్లకు తెలియదు.

ఆ పాప మాత్రం మళ్లీ నోరు తెరిచి జవాబు చెప్పలేదు. పలక మీద రాసి చూపించేది. అన్నీ కరెక్టే. కొత్త పన్ను కూడా వచ్చింది. వచ్చిన రోజు నా దగ్గరికి వచ్చి పెదవి ఎత్తి చూపించింది. నవ్వలేదు, ఊరికే చూపించి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలం వాళ్ల కుటుంబం తండ్రి పనిచేసే ఊరికి మారిపోయింది. టీసీ కోసం తల్లి వచ్చింది. పెద్దసార్ గదిలో ఆమె, నేను ఐదు నిమిషాలు ఇద్దరమే ఉన్నాం. ఇప్పుడు చెప్పెయ్, ఇప్పుడు చెప్పెయ్ అని లోపల కొట్టుకుంటూనే ఉంది. "ఆడ బళ్లో గూడా లెక్కలు రాదంటే ఏం జేసేది టీచరమ్మా?" అని ఆమే అడిగింది, నాకు చెప్పడానికి దారి చూపినట్టు. "వస్తుందిలేమ్మా" అన్నాను. ఇప్పటికీ ఆ తల్లి తన బిడ్డకు లెక్కలు రావనీ, టీచరమ్మ దయతో గట్టెక్కిందనీ అనుకుంటూ ఉంటుంది. ఆ బిడ్డ ఎక్కడుందో, ఏం చదివిందో, అసలు చదివిందో లేదో నాకు తెలియదు. వెతకడానికి ప్రయత్నం చేశానా అంటే, అదీ చేయలేదు.

నిరుడు సత్యవేడులో మా చెల్లెలి ఇంటికి వెళ్లి వస్తూ బస్టాండులో కూర్చుని ఉన్నాను. ఆదివారం. ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి ముఖంలోకి వంగి చూసింది. "టీచర్! నన్ను గుర్తుబట్టినారా? లీడర్ని!" అంది. గుర్తుపట్టాను. ఆ గొంతు మారలేదు. శ్రీ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తోందట, మెట్టినిల్లు సత్యవేడు. పక్కన ఆరేళ్ల పాప, చూడముచ్చటగా ఉంది.

"మా పాప టీచర్, ఒకటో క్లాసు. లెక్కలు అడగండి, ఎట్ల చెప్తాదో సూడండి" అంది. నేను వద్దంటున్నా ఆగలేదు. పాప వైపు తిరిగి, "చేతులు కట్టుకోమే" అంది.

పాప చేతులు కట్టుకుంది. వేళ్లు చంకల్లో దోపుకుంది.

"ఎనిమిదీ ఆరూ?"

నేను పాప ముఖం చూడలేకపోయాను. కళ్లు దించుకున్నాను. చెప్పుల్లో కాలివేళ్లు కనిపించాయి. కుడికాలి వేళ్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయి, ఎడమకాలి బొటనవేలు దగ్గర ఆగాయి. "పద్నాలుగు" అంది పాప.

"సూసినారా టీచర్? వేళ్లు ముట్టనీను నేను. ముడితే ఒకటేస్తా. అంతా మీరు నేర్పిచ్చిందే" అంది లీడరు, గర్వంగా.

నా బస్సు వచ్చింది. కండక్టరు తిరుపతి, తిరుపతి అని అరుస్తున్నాడు. నేను లేవలేదు.

"ఆ పాప గుర్తుందా నీకు?" అన్నాను. "ఒకటి మింగే పాప."

"అయ్యో, గుర్తు లేకేం టీచర్!" అని పకపకా నవ్వింది. "యాడుండాదో ఏమో."

అప్పుడు చెప్పాను. ఇరవై ఏళ్లు ఆలస్యంగా, చెప్పాల్సిన మనిషికి కాకుండా వేరే మనిషికి, బస్టాండులో, అందరూ వింటుండగా. నా గొంతు పెద్దది కదా, ఆ రోజుకు అది పనికొచ్చింది. పన్ను సంగతి చెప్పాను. నాలుక సంగతి చెప్పాను. వాళ్లమ్మకు నేనన్న మాటా, చెప్పని మాటా రెండూ చెప్పాను. లీడరు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఆ పేరు పెట్టింది నేనే గదా టీచర్" అంది చివరికి, చిన్న గొంతుతో.

"నువ్వు ఏడేళ్ల పిల్లవి. నవ్వింది నేను" అన్నాను. "నీ బిడ్డ కాళ్ల వైపు చూడు."

ఆమె చూసింది. పాప గబుక్కున కాలివేళ్లు ముడుచుకుంది.

"చేతులు తియ్యి తల్లీ" అన్నాను పాపతో. పాప తీయలేదు. వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ పాప ముందు కూర్చుని, పాప చంకల్లోంచి ఒక్కొక్క చెయ్యీ తనే బయటికి తీసింది.

"ఇప్పుడు వేళ్లతో చెప్పొచ్చునా?" అని పాప నన్ను అడిగింది.

"చెప్పు."

పాప ఎనిమిది వేళ్లు మడిచింది. ఇంకో రెండు మడిచింది. వేళ్లు అయిపోయాయి. తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నాకు చాల్లేదు" అంది.

నా చెయ్యి చాపాను. అందులో నాలుగు వేళ్లు మడిచి, "పద్నాలుగు" అంది.